పంచ్‌కి ముందు అడిగే మనిషి

2023 వానాకాలం. ఏలూరులో ఒక మందుల షాపు మేడమీద నాదొక చిన్న గది. బయట బోర్డు మీద స్పీచ్ థెరపిస్ట్ అని రాసి ఉంటుంది. అది చూసి ఉపన్యాసాలు నేర్పుతాననుకునేవాళ్ళు కూడా ఉన్నారు. సర్పంచ్ ఎన్నికల ముందు ఒకాయన నిజంగానే మెట్లెక్కి వచ్చాడు! నా పని అది కాదు. మాట తడబడే పిల్లలకీ, పక్షవాతంతో మాట పోయిన పెద్దలకీ ఆ మాటను మళ్ళీ రప్పించడానికి తంటాలు పడుతుంటాను.

ఆ వానల్లోనే గుండుగొలను నుంచి ఏసుపాదం గారిని ఆయన భార్య కుమారి గారు తీసుకొచ్చారు. ఆయనకి యాభై దాటాయి. స్ట్రోక్ వచ్చాక కుడి చెయ్యి కాస్త తేరుకుంది గానీ మాట తేరుకోలేదు. దీన్ని మేం అఫేసియా అంటాం. తెలివి ఉంటుంది, మనం చెప్పేదీ చాలావరకు అర్థమవుతుంది. పలకాల్సిన మాట మాత్రం లోపలే చిక్కుకుపోతుంది.

"ఏం చేసేవారండీ?" అని అడిగాను.

"టీవీలో కామెడీ స్కిట్లు చేస్తారండీ," అన్నారు కుమారి గారు. ఏ ప్రోగ్రామో కూడా చెప్పారు.

కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఆదివారం ఆ ప్రోగ్రాం పెట్టకపోతే మా ఇంట్లో అన్నం దిగదు. మరి ఈయనెవరు? ఎగాదిగా చూశాను. ఆవిడకి ఇది అలవాటే కాబోలు, నొచ్చుకోకుండా ఫోన్ తీసి ఒక స్కిట్ పెట్టారు. నేను ఎన్నోసార్లు చూసి పడీపడీ నవ్విన స్కిట్టే. పంచ్ వేసే టీమ్ లీడర్ చొక్కా రంగుతో సహా గుర్తుంది నాకు. అతని పక్కన భుజాన తువ్వాలు సర్దుకుంటూ "ఎందుకండీ?" అని అడిగే మనిషి ఎదురుగా కూర్చున్నా పోల్చుకోలేకపోయాను.

"ఈయన మాట అందిస్తేనే గదండీ ఆయన పంచ్ పేలేది," అన్నారు కుమారి గారు. గొంతు తగ్గించి, "మళ్ళీ టీవీలో వెయ్యకపోయినా పర్లేదండీ. పెళ్ళైన కాడ్నుంచీ నన్ను 'ఏవండీ కుమారి గారూ' అని పిలిచేవారు. మా అమ్మ ముందు కూడా అంతే. సిగ్గుతో చచ్చేదాన్ని. ఇప్పుడా పిలుపు వినబడితే చాలండీ," అన్నారు.

మొదలుపెట్టాం. బొమ్మల కార్డులు తీసి, "ఇదేంటండీ?" అని అడగడం మా పద్ధతి. చేప, గొడుగు, చెంబు. చేప కార్డు చూడగానే కుమారి గారు ముక్కు మీద వేలేసుకున్నారు. "ఇది చేపా అండీ? కొల్లేరు పక్కనోళ్ళకి ఈ గాజు తొట్లో చేపనా చూపిత్తారు?" ఏసుపాదం గారు నవ్వారు. మాట మాత్రం రాలేదు. అంకెలు మొదలుపెడితే కొంతదూరం వచ్చేవారు. చర్చిలో చెప్పే ప్రార్థన ఆవిడ ఎత్తుకుంటే సగం దాకా గొంతు కలిపేవారు. ఇలా అలవాటు మీద దొర్లిపోయేదాన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటారు. నేను ప్రశ్న వేస్తే చాలు, కనుబొమలెత్తి శ్రద్ధగా నా మొహంలోకి చూస్తూ ఊరుకునేవారు. నేనే ఏదో అనాలన్నట్టు! వారాలు గడిచాయి. నాకు విసుగొచ్చేది, విసుగొచ్చినందుకు నా మీద నాకే కోపమొచ్చేది.

ఒకరోజు ఆయన కార్డులన్నీ పేర్చి నా వైపు నెట్టేశారు. రెండు చేతులూ జోడించి లేచి నిలబడ్డారు. ఇక చాలు, వదిలెయ్యమని.

"నిన్న టీవీలో ఈయన చోట్లో ఇంకొకాయన్ని పెట్టారండీ," అన్నారు కుమారి గారు. "చూసి, పెరట్లోకి పోయి వానలో నిలబడిపోయారు. ఎంత పిలిచినా లోపలికి రారే!"

ఇప్పుడు వెళ్ళారంటే మళ్ళీ ఈ మెట్లెక్కరు. అదృష్టం బాగుండి, దెందులూరు దగ్గర హైవే మీద లారీ అడ్డంపడి బస్సులు ఆగిపోయాయి. సరే కూర్చోండని టీ తెప్పించాను. కుమారి గారు మాటల మనిషి, పాత సంగతులు ఎత్తుకున్నారు.

"క్రిస్మస్ నాటకంలో యోసేపు వేషం ఈయనదేనండీ. ఉన్న మాట ఒక్కటే. సత్రం తలుపు తట్టి 'చోటుందాండీ?' అనడం. ఆ తర్వాత తాడేపల్లిగూడెంలో స్టేజీ ప్రోగ్రాములు, ఆనక టీవీ. ఎక్కడికెళ్ళినా అడిగే వేషమే. ఇంట్లో మాత్రం? 'కూరేంటండీ కుమారి గారూ?' అంటారు, నేనేదో ఒకటి అంటాను, నవ్వుతారు. ఈయన జవాబు చెప్పగా నేనెప్పుడు విన్నానండీ!"

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఓరి నాయనో, ఇన్నాళ్ళూ నేను చేస్తున్నదేంటి? "ఇదేంటండీ?" అని అడిగి ఎదురుచూస్తున్నాను. అది ఆయన చోటు. దాన్ని నేను ఆక్రమించుకుని, ఆయన్ని పంచ్ వెయ్యమంటున్నాను!

కార్డులు పక్కన పెట్టేశాను. ఊసుపోక కబురు చెప్పినట్టు, "మా అత్తగారు పొద్దున్నే కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టేశారండీ," అని ఊరుకున్నాను.

ఏసుపాదం గారి తల నా వైపు తిరిగింది. ఎడమ చెయ్యి మెల్లగా భుజం మీదికి వెళ్ళి, అక్కడ లేని తువ్వాలును సర్దింది.

"ఎం... ఎందు... కండీ?"

తీరా ఆయన అడిగేసరికి నా దగ్గర జవాబు లేదు! ఆయనేమో కనుబొమలెత్తి ఎదురుచూస్తున్నారు. పక్క కుర్చీలోంచి కుమారి గారు అందుకున్నారు.

"కనబడకపోతే కోడల్ని తిట్టుకోవచ్చనండీ!"

ముగ్గురం నవ్వాం. నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. ఆయన మా నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, సరిగ్గా అది తగ్గుతుండగా అందుకున్నారు. "ఎప్... పుడండీ?"

"నేనింటికెళ్ళగానే మొదలెడతారండీ!" అన్నాను. ఈసారి పంచ్ నాదే.

ఆ రోజునుంచి దారి మార్చాను. రోజూ అవసరపడే చిన్న సంభాషణల్ని నాటకంలో మాటల్లా వల్లె వేయించడం ఒక పద్ధతి, దాన్ని స్క్రిప్ట్ ట్రైనింగ్ అంటారు. ఆయనకి రాసినవన్నీ ప్రశ్నలే. దాహమేస్తే "మంచినీళ్ళున్నాయాండీ?", బస్సెక్కితే "గుండుగొలను ఆగుద్దాండీ?" అని అడిగేవారు. కార్డు మీద రాని చేప "చేప ఎంతండీ?"లో తొంగిచూసింది. అలాగని అన్నీ వచ్చేశాయని కాదు. నేనేదైనా అడిగితే తడుముకునేవారు. మనుషుల పేర్లయితే మరీ మొండికేసేవి. అందుకే భార్య పేరు జోలికి నేను పోలేదు. రాకపోతే ఇద్దరూ బాధపడతారని నా భయం.

చలికాలం మొదలైంది. ఒకరోజు పని అయ్యాక కుమారి గారు ఫ్లాస్కూ గొడుగూ సంచీలో సర్దుతున్నారు. ఆయన చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఏవండీ... కు... కుమారి గారూ."

సంచీలో చెయ్యి అలాగే ఆగిపోయింది.

"వెళ్దామాండీ?"

ఏ ప్రశ్నకైనా జవాబు నాలుక చివర పెట్టుకునే ఆవిడకి ఒక్క మాట రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. ఆయన తొందరపెట్టలేదు. నవ్వు కోసం ఎలా ఆగుతారో, ఆ ఏడుపు కోసమూ అలాగే ఆగారు.

"ఇంకోసారి అడగండీ," అన్నారావిడ చివరికి.

ఆయన ఇంకోసారి అడిగారు.

ఇప్పుడు మాట పోయినవాళ్ళు ఎవరొచ్చినా, కార్డులు తీసేముందు ఆ మనిషి ఇంట్లో ఎలా మాట్లాడేవారో కనుక్కుంటాను. ఏసుపాదం గారు నేర్పిన పాఠమది. ఆదివారం స్కిట్లు మాత్రం మానలేదు. పంచ్ పేలగానే మావాళ్ళంతా పంచ్ వేసినవాణ్ణి చూసి నవ్వుతారు. నా చూపు పక్కనున్న మనిషి మీద ఉంటుంది, ఆ నవ్వు అయ్యేదాకా ఓపిగ్గా ఆగుతాడే, అతని మీద.