రెండు చేతుల కప్లింగ్

గోపాలపట్నం దగ్గర సిటీబస్సు ఆగిపోయి అరగంటైంది. ముందుకీ దారి లేదు, వెనక్కీ లేదు. ఊరికే కూర్చోలేక సంచిలోంచి గొట్టాలు కలిపే శాంపిల్ కప్లింగ్ తీశాను. ప్లాస్టిక్ ట్యూబును అందులోకి తోస్తే చాలు, లోపలి ఉక్కుపళ్లు పట్టేసుకుంటాయి. లాగేకొద్దీ ఇంకా బిగుస్తాయి. దాన్ని డిజైన్ చేసింది నేనే. ఏం బుద్ధి పుట్టిందో, చిటికెనవేలు దూర్చాను. ఇక రాలేదు. లాగితే పళ్లు చర్మంలోకి దిగాయి.

విడిపించాలంటే మూతి దగ్గరి రింగును చుట్టూ సమంగా నొక్కాలి. మిగిలింది ఒక్క చెయ్యి. నొక్కినప్పుడల్లా రింగు ఓ పక్కకి ఒరిగిపోతోంది. ఒళ్లంతా చెమట.

పక్కన నిలబడ్డ మనిషి వంగి చూశాడు. చేపల వాసన, ఉప్పుకి కాయలు కాచిన వేళ్లు.

"లాగకు బావ. ముందు లోనికి తొయ్యి."

కదలని బస్సులో కూడా ఆయన పైకడ్డీ వదల్లేదు. రెండో చేతి బొటనవేలితో రింగుని ఒక పక్క నొక్కాడు, నేను ఇంకో పక్క నొక్కాను. వేలు రక్తపు గీతలతో బయటికొచ్చింది.

"మా బోటు మీదా ఉన్నాయివి. ఊడదియ్యాలంటే ఇద్దరుండాలి. సంద్రంలో ఒక సెయ్యి ఎప్పుడూ దేన్నో పట్టుకునే ఉంటాది కదా. ఇది సేసినోడు కుర్సీలో కూకుని సేసుంటాడు."

కప్లింగ్‌ని సంచి అడుగుకి తోసేశాను. బస్సు ఇంకో అరగంట కదల్లేదు.

ఇప్పుడు ఆఫీసు గదిలో నా బల్లకి ఎగువన పైకప్పు నుంచి ఓ తాడు వేలాడుతుంది. కొత్త కప్లింగ్ ఏదైనా, ఒక చేత్తో ఆ తాడు పట్టుకుని రెండో చేత్తో విప్పి చూస్తాను. ఊడనిది నా గది దాటదు.