అమ్మేసిన ఇంటి మీద నక్షత్రం

మౌలాలిలో మేం కొన్న ఇంటికి రిజిస్ట్రేషన్ అయి నెల దాటినా, అమ్మినావిడ ఖాళీ చేయలేదు. ఆవిడ రిటైరైన టీచరు. భర్త పోయాక ఇల్లు అమ్మేసి, తిరుమలగిరిలో చెల్లెలి ఫ్లాటుకు వెళ్లిపోతానంది. సామాను సర్దుకోవడానికి వారం గడువు అడిగితే సరేనన్నాం. ఆ వారం సాగుతూనే ఉంది. మా వారు ఫోన్ చేస్తే ఒకసారి మోకాళ్ల నొప్పులు, ఇంకోసారి అట్టపెట్టెలు దొరకలేదు. పెద్దావిడ కదా అని ఆయన గట్టిగా అడగరు.

మేముంటున్న అద్దె ఇంట్లోకేమో డిసెంబరు మొదట్లోనే వేరేవాళ్లు దిగుతున్నారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. తాడోపేడో తేల్చుకుందామని బయల్దేరాను. సందు మలుపు తిరిగేసరికి మా డాబా మీద, వెదురు కర్రకు కట్టిన ఎర్రటి క్రిస్మస్ నక్షత్రం కనబడింది. ఒళ్లు మండిపోయింది. వెళ్లే మనిషి నక్షత్రం కడుతుందా?

నోటికొచ్చినవన్నీ అడిగేశాను. ఆవిడ అంతా విని, మంచినీళ్లిచ్చి, అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"క్రిస్మస్ దాంక జెర ఆగు బిడ్డా. ఆ అపార్ట్‌మెంటుల డప్పులు, పాటలు వద్దంటరంట. ఇగ నా గుమ్మంల ఎవ్వరు పాడుతరు? ఈ ఒక్కసారి విని పోతా."

ఏటా చర్చి వాళ్లు ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడతారు. ఆ సందులో మొదటి ఇల్లు ఆవిడదే. నాకు జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది. ఆగడానికి మాకు మాత్రం చోటేది? సామానంతా ట్రాలీ ఆటోలో తెచ్చి హాల్లో దింపించి, మీరూ ఉండండి, మేమూ ఉంటాం అన్నాను. ఆవిడ ముందు గది ఖాళీ చేసి ఇచ్చింది.

అలా మా ఇంట్లోనే మేం అద్దెకున్నట్టు బతికాం. కుళాయి సరిగ్గా కట్టకపోతే పాఠం, తడికాళ్లతో వస్తే ఒక చూపు. ఇల్లు నాది, భయమూ నాదే. మా వారైతే చెప్పులు వరసగా విడవడం నేర్చుకున్నారు. పెళ్లయినప్పటి నుంచి నావల్ల కాని పని అది. సాయంత్రాలు ఆవిడ పిండి కలిపితే నేను గులాబీ పువ్వులు వేసేదాన్ని. మొదటివన్నీ అచ్చుకే అతుక్కున్నాయి. ఆవిడ వాటిని పారేయనివ్వలేదు, ఇద్దరం గీక్కుని తిన్నాం.

పాటలవాళ్లు వచ్చిన సాయంత్రం ఆవిడ పట్టుచీర కట్టుకుని గేటు దగ్గరే నిలబడింది. పాడుతున్నంతసేపూ కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. పాట అయ్యాక గులాబీ పువ్వుల పళ్లెం నా చేతిలో పెట్టి వాళ్లతో అంది.

"ఇగ ఈ ఇంటామె ఈమెనే. వచ్చే ఏడు సుత గిట్లనే రాండ్రి."

నన్నొక మాట అడగనైనా లేదు. పండగ మర్నాడు తాళాలు ఇచ్చేసి, నక్షత్రం మాత్రం వదిలేసి వెళ్లింది.

మొన్న డిసెంబరులో దాన్ని అటక మీంచి దింపాను. మనకెందుకన్న మా వారిని నిచ్చెన పట్టుకోమన్నాను. చీకటి పడ్డాక గిటారుతో, డప్పుతో వాళ్లొచ్చారు. ముందు వరసలో ఆవిడే. పాట అయింది, పళ్లెం ఖాళీ అయింది, అందరూ పక్కింటికి కదిలారు. ఆవిడ కదల్లేదు. నేను వెళ్లి కుర్చీ తెచ్చి వేశాను.