సీతమ్మగారు అందుకున్న పాట

దర్శకుడి ఆఖరి మాట సీతమ్మగారు విన్నారా? ఇప్పటికీ చెప్పలేను.

కంకిపాడులో మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఒక్కో పాదం పాడి ఆగితే సంఘమంతా అందుకునేది. ఆవిడ అక్కకొడుకు బెన్నీ నాటకాలాడేవాడు. వాడికి సినిమాలో చర్చి గాయకుడి వేషం వచ్చింది. సొంత గొంతుతో పాడలేకపోతే వేషం ఇంకొకరికి పోతుందన్నారు. వేసవంతా ఆవిడే నేర్పారు. వాడు పాడి ఆగితే ఆవిడ అందుకునేవారు.

విజయవాడ హోటల్లో పరీక్షకు నేనూ తోడు వెళ్లాను. ముగ్గురం గది బయట చెప్పులు విప్పాం. ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయారు.

"మొహం అట్టా పాలిపోయిందేందిరా? పాడేది దేవుడి పాటేగా, ఉరికంబం ఎక్కట్లేదు!"

బెన్నీ మొదటి పాదం చక్కగా పాడి ఆగాడు. ఎంతకీ రెండోది ఎత్తుకోడు.

"ఏమయ్యా, మర్చిపోయావా?" అన్నాడు దర్శకుడు.

"లేదు సార్... వాళ్లు అందుకోవాలి కదండీ."

"ఎవరు, మేమా?" అని సహాయకుడు పకపకా నవ్వాడు. దర్శకుడు వాచీ చూసుకుని లేవబోయాడు.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి సీతమ్మగారు అందుకున్నారు. బెన్నీ గొంతు నిలదొక్కుకుంది. పాట చివరిదాకా ఇద్దరి మధ్యా అలాగే సాగింది.

"ఆ ఆగడం బాగుందయ్యా, అలాగే తీద్దాం. వేషం నీదే," అన్నాడు దర్శకుడు. ఆపైన సహాయకుడితో, "అందుకునే గొంతు మాత్రం హైదరాబాద్ కోరస్ వాళ్లతో పాడిద్దాం," అన్నాడు.

"పిన్నీ!" అంటూ బెన్నీ సంతోషంగా వెనక్కి తిరిగాడు. తలుపు తెరిచే ఉంది. బయట మా ఇద్దరి చెప్పులే ఉన్నాయి.