మెత్తబడ్డ కడక్ రొట్టెలు

బయలుదేరే ముందురోజు పొద్దున్నుంచీ కడక్ రొట్టెలు చేస్తూనే ఉన్నాను. ఇంటి వెనక మా ఆయన బండల పాలిష్ మిషన్ రొద, వంటింట్లో నా అరచేతి చప్పుడు. జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసికి, బండ మీద తట్టి, పెనం మీద కాల్చి, ఆ తర్వాత సన్న సెగ మీద పెళుసుగా అయ్యేదాకా ఉంచాలి. నూలుగుడ్డలో మూటకడితే చాలా రోజులు కరకరలాడుతూ ఉంటాయి. డబ్బాలో పెడితే చెమటపట్టి పాడవుతాయి. తాండూరులో ఎవరినడిగినా ఇదే చెప్తారు.

"కారుల నలుగురం. ఇన్ని రొట్టెలు ఎవరు తింటరక్కా?" అని చెల్లె నవ్వింది.

"నీ బిడ్డనే తింటది. నీకు తెల్వదు గానీ, రొట్టె లేకుంటె దానికి ముద్ద దిగదు."

నీకు తెల్వదు అన్నమాట కావాలనే అన్నాను.

చెల్లె మస్కట్‌లో నర్సు, మరిది అక్కడే డ్రైవరు. పిల్లకు మూడేళ్లప్పుడు నా దగ్గర వదిలి, రెండేళ్లలో తీసుకుపోతామన్నారు. ఆ రెండేళ్లు సాగి సాగి, మొన్న పిల్ల పదో తరగతి పాసైంది. నాకు పిల్లల్లేరు. ఆ మాట ఎవరికీ గుర్తురానంతగా ఇల్లంతా ఆ పిల్లే నిండి ఉండేది. ఈసారి ఇద్దరూ సెలవు మీద వచ్చి, పిల్లను వెంట తీసుకుపోతామన్నారు. బలవంతమేమీ లేదట. మస్కటో, వికారాబాద్‌లో ఇంటరో పిల్లే తేల్చుకోవాలి. కారులో కర్ణాటక అడవీ సముద్రమూ తిరిగొచ్చేలోపు ఆలోచించుకొమ్మన్నారు. "పెద్దమ్మ రాకుంటె నేను గూడ రాను" అని పిల్ల మొండికేసింది కాబట్టి నేనూ కారెక్కాను. లోపల మాత్రం పండగే.

ఆ పండగ గుల్బర్గా దాటేసరికే అయిపోయింది. ముందు సీట్లో కూర్చున్న చెల్లె, వెనక్కి తిరిగి బిడ్డతో ఒకటే ముచ్చట్లు. అక్కడి బడి, అక్కడి బజార్లు. పిల్ల ఊకొడుతుంటే ఆ ఊకొట్టడంలో ఎంత ఇష్టముందో తూకం వేస్తూ కూర్చున్నాను. హుబ్లీ పోయింది, ఎల్లాపూర్ పోయింది, నేను చూసిందేమీ లేదు.

ఎల్లాపూర్ తర్వాత ఆకాశం కూడా కనిపించలేదు. మా కంది చేలల్లో నిలబడితే దూరాన కొడంగల్ వైపు కురిసే వాన కూడా కనిపిస్తుంది. ఈ అడవిలో పక్క చెట్టు వెనక ఏముందో తెలియదు. నాకు ఊపిరాడలేదు. సరిహద్దులో నేర్చుకున్న నా వచ్చీరాని కన్నడంతో ఒక పోకతోట యజమానిని బతిమాలితే, ఇంటి ముందు టెంట్లు వేసుకోమన్నాడు. మరిది గొప్పగా మస్కట్ నుంచి మోసుకొచ్చిన టెంట్లవి. ఎడారిలో గాలి ఆడాలని పైనంతా జాలీయే, ఇవేం టెంట్లని నేను నవ్వాను. సాయంత్రం వాన రాగానే అందరం తడిసి అరుగు మీదికి చేరాం. జలగలు పట్టకుండా తల్లీబిడ్డలు ఒకరి కాళ్లకు ఒకరు ఉప్పు రుద్దుకుంటూ నవ్వుతున్నారు. నేను కారు దగ్గరికీ అరుగు దగ్గరికీ తిరుగుతున్నాను.

"అక్కా, జర కూసో. కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అంది చెల్లె.

"రొట్టెలు తడుస్తయేమోనని" అన్నాను. అబద్ధం కూడా కాదది.

వాన నీటి చుక్క ఒక్కటి కూడా మూట మీద పడలేదు. అయినా పొద్దున విప్పి చూస్తే రొట్టెలు చేతిలో గుడ్డపేలికల్లా వేలాడాయి. ఆ అడవి గాలిలో ఉన్న చెమ్మంతా నూలుగుడ్డ తాగేసింది. మా ఊరి ఎండకు పనికొచ్చే తెలివి అక్కడ పనిచేయలేదు. మరిది టెంట్లను చూసి నవ్విన నోటితో ఇక ఏమంటాను?

ఆ మధ్యాహ్నం అంకోలా దగ్గర సముద్రం ఒడ్డున దిగాం. చిన్న హోటల్లో చేపల పులుసు, అన్నం. చెల్లె ముళ్లు తీసి పెడుతుంటే పిల్ల మళ్లీ మళ్లీ పెట్టించుకుని తింది. రొట్టె లేకుంటే ముద్ద దిగని పిల్లే! నాకు ఒళ్లు మండింది.

"ముండ్లు తియ్యి, తియ్యి. సెలవున్నన్ని రోజులే గద నీ మురిపెం" అన్నాను.

చెల్లె చెయ్యి ఆగిపోయింది. "నిజమే అక్కా. ఇన్నేండ్ల మురిపెమంత నీకే దక్కింది" అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. నేను తినడం మానేసి, కారులోంచి మూట తీసుకుని ఇసుకలోకి నడిచాను. పిచ్చికోపం, నా మీదా, చెల్లె మీదా, ఆ ఉప్పుగాలి మీదా. కాకులకు వేసేద్దామని మూట విప్పుతుంటే పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"పారెయ్యకు పెద్దమ్మా. మంచిగనే ఉన్నయ్ గద" అంటూ ఒక మెత్తటి రొట్టె చుట్టి, మూటలోని ఎల్లిపాయ కారంలో అద్దుకుని తినేసింది. కడుపునిండా అన్నం తిన్న పిల్ల. నా పక్కన కూలబడి, అలలవైపు చూస్తూ అంది: "ఇంటికి పోయినంక నాకు రొట్టె తట్టుడు నేర్పిస్తవా?"

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. అమ్మ పెట్టిన చేపలు తిన్నా, దీనికి కావాల్సింది నా రొట్టే. ఉండిపోతుంది. తల నిమిరి సరేనన్నాను. చెల్లెను చూస్తే జాలి కూడా వేసింది.

కారు తిరుగుదారి పట్టి ఘాట్ ఎక్కుతున్నప్పుడు తట్టింది నాకు. ఎన్నిసార్లు నేర్చుకోవే అని పిలిచినా ఈ పిల్ల ఒకటే మాట అనేది, "నువ్వున్నవ్ గద" అని. చేసిపెట్టేవాళ్లు ఉన్న ఇంట్లో ఎవరూ నేర్చుకోరు. అద్దంలో చెల్లె నన్నే చూస్తోంది. దానికి ఇంకా తెలియదు. పిల్ల నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. తాండూరు వచ్చేదాకా నేను కదల్లేదు.

ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు. పిండి కలిపి పిల్ల ముందు పెట్టాను. మొదటి రొట్టె అంచులు చీలాయి, రెండోది పెనం మీదికి వేస్తుంటే విరిగింది. మూడోది కాస్త గుండ్రంగా వచ్చింది. ఎండిన రొట్టెలు చేతిలో పట్టుకుని, నా మొహం చూడకుండా అడిగింది.

"గుడ్డల కట్టాల్నా పెద్దమ్మా?"

అటకమీది స్టీలుడబ్బా దించి, తుడిచి ఇచ్చాను.

"వద్దు బిడ్డా. గీంట్ల పెట్టి మూత గట్టిగ పెట్టుకో. మస్కట్ సముద్రం పక్కనే గద, మెత్తబడ్తయి."