అత్తయ్య హోటల్లో రొయ్యలు లేవు

మా అత్తయ్య హోటల్లో అడిగింది దొరకదు. చేపల రేవుకి సరిగ్గా ఎదురుగా ఆరు బల్లలు, గోడ మీద ఇరవై రెండు రకాల పేర్లు రాసిన పెద్ద బోర్డు. ఆ బోర్డు చదివి నోరూరని మనిషి లేడు. చదివింది తిన్న మనిషీ లేడు.

"పీతలున్నాయా అమ్మా?"

"సొరచేప తినండి."

"నాకు సొర పడదండీ."

"నా చేతి సొర మీరు తినలేదుగా!"

సొర వచ్చేది. పడదన్న పెద్దమనిషి పళ్ళెం అంచులు కూడా తుడిచి తిని, ఆశ చావక మళ్ళీ పీతల ఊసెత్తేవాడు. "మంచినీళ్ళు తాగండి" అనేది అత్తయ్య. అక్కడితో భోజనం అయిపోయినట్టు లెక్క.

మరి బోర్డెందుకు అని నేనోసారి అడిగాను. "గోడ పెచ్చులూడింది. సున్నం కంటే బోర్డు చవగ్గా వచ్చింది" అంది.

ఒకరోజు కొత్త దంపతులు వచ్చారు. అతను వంజరం అడిగాడు, ఆ అమ్మాయి రొయ్యలు అడిగింది. ఇద్దరి ముందూ వేలెడంత నెత్తళ్ళ చేపలు పెట్టి వెళ్ళబోయింది అత్తయ్య.

"ఇదేమిటండీ, మేం చెప్పింది ఇది కాదు" అన్నాడు అతను.

"పెళ్ళయి నెలైనా కాలేదు, అప్పుడే వేరు వంటలా? కలిసి తినండి" అని కసిరింది. ఆ జంట ఇప్పటికీ ఏటా వస్తారు. ఇప్పుడు నలుగురు.

నేను తెలివైనవాణ్ణని నాకు చిన్నప్పటినుంచీ ఒక అనుమానం. ఒకసారి పీతల మీద మనసు పడింది. ఏది అడిగితే అది రాదు కదా అని లెక్క కట్టి, "అత్తయ్యా, నెత్తళ్ళు పెట్టు" అన్నాను. అత్తయ్య మొహం చేటంతయింది. "అదృష్టవంతుడివిరా! ఇవాళ అవే ఉన్నాయి" అని పళ్ళెం కనబడకుండా పోసింది. ఆ హోటల్ పుట్టాక అడిగింది దొరికిన మనిషిని నేనొక్కణ్ణే. తలొంచుకుని తిన్నాను.

వంటింట్లో ఈ సంగతి మామయ్యతో మొర పెట్టుకున్నాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు: "నేను అడిగింది మీ చిన్నత్తనిరా అబ్బాయ్. వచ్చింది మీ పెద్దత్త. ముప్ఫై ఏళ్ళయింది, నేనేమన్నా అన్నానా?"

"వినబడుతోంది" అంది హాల్లోంచి అత్తయ్య.

"వినాలనే అన్నాను" అని మామయ్య కత్తిని ఇంకా వేగంగా ఆడించాడు.

ఇలాంటి హోటల్‌కి నేను మా ఆఫీసరు గారిని తీసుకొచ్చాను. దీన్ని ధైర్యం అనరు, అవసరం అంటారు. మూడేళ్ళుగా నా ఉద్యోగం ఒక ఊళ్ళో, మా ఆవిడా పిల్లా ఇంకో ఊళ్ళో. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయి ఒక అంగుళం పెరిగి ఉంటోంది. బదిలీ కాగితం ఆఫీసరు గారి బల్ల మీద నాలుగు నెలలుగా పడుకుని ఉంది. ఆయనకి రొయ్యలంటే ప్రాణం. సముద్రంలో జంతువుల్ని చూడటమన్నా అంతే. రెండూ ఉన్నది మా అత్తయ్య ఊరు. నా నోరు ఊరుకుందా? "మా అత్తయ్య చేతి రొయ్యలు తినాలి సార్!" అనేశాను.

ముందు రోజు ఫోన్ చేసి బతిమాలాను. "అత్తయ్యా, ఈ ఒక్కపూట ఆయన అడిగింది పెట్టు. నా బదిలీ ఆయన చేతిలో ఉంది."

"చూద్దాంలే" అంది. ఆవిడ భాషలో ఆ మాటకి అర్థం నాకు తెలుసు. తెలిసీ ఆశపడ్డాను.

పొద్దున పడవ మీద షికారు బ్రహ్మాండంగా జరిగింది. ఆఫీసరు గారు పదకొండు డాల్ఫిన్లను లెక్కపెట్టారు, చప్పట్లు కొట్టారు. పడవ పక్కనే ఒక పెద్ద తాబేలు తల పైకెత్తి ఊపిరి తీసుకుంటే, ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఆఫీసులో ఆయన ఎవరికీ టోపీ తీయగా నేను చూడలేదు. తిరిగి రేవులో దిగేసరికి వేలం జరుగుతోంది. బుట్టల నిండా రొయ్యలు, ఒక్కొక్కటీ అరచేయంత.

"ఇవేనా?" అన్నారు ఆఫీసరు గారు, గుటక వేసి.

"ఇవే సార్" అన్నాను, నేనూ గుటక వేసి. ఇద్దరి గుటకలకీ కారణాలు వేరు.

కుర్చీలో కూర్చున్నారో లేదో, "రొయ్యలు" అన్నారాయన.

"లేవు బాబూ" అంది అత్తయ్య.

"ఇప్పుడే రేవులో గుట్టలు గుట్టలుగా చూశాం కదమ్మా!"

"అవి వాళ్ళవి." ఆయన ముందు ఒక పళ్ళెం పెట్టింది. అందులో చిన్నాపెద్దా కలిసిన చేపలు, నాలుగు రకాలో అయిదో. చేప కంటే ముల్లు ఎక్కువ.

ఆయన తినడం మొదలుపెట్టారు. ఒక్కో ముల్లు తీసి పళ్ళెం అంచున వరసగా పేరుస్తుంటే, నా బదిలీ కాగితాన్ని పీలికలు చేసి పేరుస్తున్నట్టే ఉంది. మామయ్య వంటింటి గుమ్మంలో నిలబడి నా వంక జాలిగా చూశాడు.

చెయ్యి కడుక్కోవడానికి ఆయన పెరట్లోకి వెళ్ళారు. వెనకే తువ్వాలు పట్టుకుని నేను. అక్కడ పడవ నడిపే ఒక ముసలి సరంగు నేల మీద వల పరుచుకుని కూర్చున్నాడు. వల మధ్యలో మనిషి దూరేంత చిల్లు. పోగులు తెగినట్టు లేవు, కత్తితో కోసినట్టున్నాయి.

"ఏమైంది?" అన్నారు ఆఫీసరు గారు.

"తాబేలు పడింది సార్. పెద్దది. ఊపిరాడక గిలగిల్లాడుతోంది. విప్పుతూ కూర్చుంటే చచ్చిపోద్ది, అందుకని కోసేశా. అది పోయింది, దాంతోపాటు రొయ్యలన్నీ పోయాయి. మూలల్లో చిక్కుకున్న ముళ్ళ చేపలు మిగిలాయి."

"మరి నష్టం?"

"ఇంతకుముందు నష్టమే. అందుకే ఎవరూ కోసేవారు కాదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ బాధ లేదు సార్. ఏ వలకి కోత పడితే, ఆ రోజు ఆ పడవలో ఉన్నదంతా అమ్మగారే తీసుకుంటారు. మంచి చేపకి వేలంలో ఎంత పలికితే అంత ఇచ్చి. కోత పడని రోజున, వేలంలో ఎవరూ పాడని బుట్ట కొంటారు."

నేనూ పంతొమ్మిదేళ్ళుగా ఆ హోటల్లో తింటున్నాను. ఆవిడకి కాస్త తిక్క అని నేను చెప్పని చుట్టం లేడు.

అత్తయ్య వల అల్లే చెక్కసూది, దారం ఉండ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. మా మొహాలు చూసి, సరంగు వైపు తిరిగి, "వాగేశావా?" అంది.

"అడిగారమ్మా, చెప్పా."

"అడిగిందల్లా ఇవ్వకూడదని నీకెన్నిసార్లు చెప్పాలి!"

ఆఫీసరు గారు తడి చేతులతోనే నిలబడి, "బోర్డు మీద ఈ సంగతి రాయచ్చు కదమ్మా. జనం మెచ్చుకుంటారు" అన్నారు.

"అందుకే రాయలేదు. తెలిస్తే పుణ్యానికి తింటున్నట్టు మొహం పెట్టి తింటారు. నా వంట బాగుండి తినాలి." చతికిలబడి కూర్చుని చిల్లు అంచు పట్టుకుంది. "పొద్దున తాబేలుని చూశారట. ఎంత ఉంది?"

ఆయన చేతులు రెండూ బారగా చాపి చూపించారు.

"మరి అది కనబడాలి, రొయ్యలూ పళ్ళెంలోకి రావాలి అంటే ఎలా బాబూ?"

నా చొక్కా బొత్తాలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. ఈవిడ మా అత్తయ్య అని రేవు మొత్తానికీ వినబడేలా అరవాలనిపించింది. రేవుకి ఎప్పుడో తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఆఫీసరు గారు ఊరి పొలిమేర దాటాక, "మీ కాగితం నా బల్ల మీదే ఉంది కదూ?" అన్నారు.

"అవును సార్."

"సోమవారం గుర్తుచెయ్యండి. వెతకాలి."

వెతికారు. సంతకం పెట్టారు. మా అమ్మాయి ఇప్పుడు నా కళ్ళ ముందే పెరుగుతోంది.

ఆఫీసరు గారు సెలవు దొరికితే చాలు, నాకు చెప్పకుండానే రేవుకి వెళుతున్నారు. మొన్న నేను వెళ్ళేసరికి మూలబల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. బోర్డు వంక చూడలేదు.

"ఇవాళ ఎవరు బయటపడ్డారమ్మా?" అని అడిగారు.

"డాల్ఫిన్. కూడా పిల్ల."

"పిల్ల కూడానా!" అని చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. "అయితే ఇంకో రెండు ముక్కలు వెయ్యండి."