నర్సమ్మ నింపని గడులు

మంగళవారం పొద్దున నారాయణఖేడ్ నుంచి ఫోన్ వచ్చింది. "సారూ, అత్తమ్మ పోయింది" అంది నర్సమ్మ కోడలు. బయట వరుసలో ఉన్న రోగులందరినీ చూసి, ఆ తర్వాతే బస్సెక్కాను. వరుసలో ఉన్నవాళ్లను విడిచిపెట్టి వచ్చానంటే పోయినావిడే ముందు తప్పు పట్టేది.

ఆమె మా ఖేడ్ చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఊరూరా తిరిగిన ఏఎన్‌ఎం. అందరికీ నర్సమ్మ. నేను ఖేడ్‌లో పుట్టి, డాక్టర్ చదివి, ఒక వైద్య కళాశాలలో కొత్తగా చేరినప్పుడు ఆమెతో పనిపడింది. పదోన్నతి రావాలంటే వైద్య పత్రికల్లో పరిశోధనలు అచ్చు కావాలి. పొద్దంతా రోగులు, సాయంత్రం పాఠాలు, ఇంకెప్పుడు పరిశోధన చేస్తారని ఎవరూ అడగరు. పేపర్ ఏదీ అని మాత్రం అడుగుతారు. ఇప్పటికీ ఫోన్‌కు మెసేజ్‌లు వస్తుంటాయి, "సార్, సిద్ధంగా ఉన్న పేపర్‌లో మూడో పేరు ఖాళీ ఉంది" అని, షేర్ ఆటోలో సీటున్నట్టు. నేనెప్పుడూ అలా కొనలేదని చాన్నాళ్లు గర్వంగా ఉండేది. నేను చేసింది అంతకన్నా ఏమంత మేలు కాదు.

బీపీ ఎక్కువున్న గర్భిణులను పదిహేను రోజులకోసారి ఇంటి దగ్గరే చూస్తే కాన్పు దాకా క్షేమంగా ఉంటారా అన్నది నా పరిశోధన. చూసేది నర్సమ్మ, పేపర్ రాసేది నేను. ఒప్పుకోలు పత్రాల మీద వేలిముద్రలు తెమ్మన్నాను. ఒకరోజు నాగల్‌గిద్దలో ఆమె వెంట వెళ్తే, గర్భిణి అయిన ఒక అమ్మాయికి రెండు పేజీల పత్రాన్ని ఒక్క మాట వదలకుండా తెలుగులో చదివి, మళ్లీ కన్నడంలో చెబుతోంది. "బేడ అంద్రె బేడ. వద్దంటే వద్దే. మందులు బందు గావు, నేనొచ్చుడు బందు గాదు."

"జల్దీ కానియ్యి నర్సమ్మా" అన్నాను.

"ముందుగాల చెవులకు ఎక్కాలె సారూ. ఏలికి సిరా తర్వాత."

ఆ అమ్మాయి వద్దంది. నర్సమ్మ సిరా డబ్బీకి మూత పెట్టి, అయినా ఆమె బీపీ చూసి, మందులిచ్చి వచ్చింది.

బీపీ చూసే ముందు మనిషిని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టేది. రెండుసార్లు చూసేది. మనిషి ఊళ్లో లేకపోతే కార్డు మీద ఆ తేదీ పక్కన గడి ఖాళీగా వదిలేసేది. బాగానే ఉందని ఇరుగుపొరుగు చెప్పినా రాసేది కాదు. "నా కండ్లతోని సూడంది నా పెన్నుతోని ఎట్ల రాస్త?" అనేది.

దసరా దాటాక కంగ్టి, సిర్గాపూర్ ఊళ్ల జనం పనులకు పట్నం పోతారు. ఇక్కడే పెరిగిన నాకు ఆ సంగతి ముందే తట్టలేదు. ఖాళీ గడులు పెరిగిపోయాయి. ఇట్లా పంపితే పత్రికవాళ్లు తిప్పికొడతారని మా ప్రొఫెసర్ అన్నాడు. "మామూలుగనే ఉంటది, నింపెయ్" అన్నాడు. ఆయన్ని అని లాభం లేదు, పెన్ను నాది. ఒక ఆదివారం మధ్యాహ్నం టీ తాగుతూ గడులన్నీ నింపేశాను.

పేపర్ అచ్చయ్యాక మిఠాయి డబ్బాతో ఆమె ఇంటికి వెళ్లాను. చివర్లో కృతజ్ఞతల కింద ఆమె పేరు చూపించాను. ఇంగ్లిష్ ఆమెకు అంతంతమాత్రం, కానీ అంకెలు తెలుసు. పట్టిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చింది.

"మొదట్ల ఎందరో ఆఖర్ల గందరే ఉన్నరు. ఒక్కలు గూడ పట్నం పోలేదా సారూ?"

"అందరూ గట్లనే రాస్తరు నర్సమ్మా. ఏం గాదు."

ఆమె పట్టిక మీంచి వేలు తీసింది. "సిర్గాపూర్ పిల్ల యాదికున్నదా? రెండో కాన్పు. పట్నంల బిల్డింగ్ పనికాడ ఫిట్సొచ్చి సచ్చిపోయింది. మొన్ననే వాళ్లమ్మ చెప్పింది. గామె బీపీ మంచిగున్నదని ఎవలు సూసిన్రు?"

పేపర్ మడిచి నా చేతిలో పెట్టింది. "గిది వాపస్ తీస్కో సారూ" అంది. మిఠాయి డబ్బా విప్పలేదు. టీ మాత్రం పెట్టింది.

వాపస్ తీసుకోవడం చిన్న పని కాదు. ఆ పేపర్‌తోనే నాకు పదోన్నతి వచ్చింది. ఏళ్లు గడిచాయి. ఖేడ్ వెళ్లినప్పుడల్లా ఆమెది ఒకటే మాట, "వాపస్ అయ్యిందా సారూ?" కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పిల్లకు టీకా వేయించారా అని తల్లిని అడిగినట్టు అడిగేది. నేను ఖేడ్ వెళ్లడమే తగ్గించుకున్నాను.

నిరుడు మా క్లాసులో ఒక విద్యార్థిని తెర మీద నా పేపరే చూపించింది. ఇంటి దగ్గర పదిహేను రోజులకోసారి చూస్తే చాలని, ఆ పరిశోధనలో తల్లులందరూ క్షేమంగా ఉన్నారని చెప్పి, మెచ్చుకుంటానేమోనని నా వైపు చూసింది. ఆ అందరిలో సిర్గాపూర్ పిల్ల కూడా ఉంది. నా మాట నమ్మి రేపు ఈ అమ్మాయి ఇంకెవరిని ఇంటికి పంపేస్తుందోనని భయం వేసింది. ఆ సాయంత్రమే పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాను, నేను నింపిన గడుల జాబితాతో సహా. ప్రొఫెసర్ నాతో మాట్లాడడం మానేశాడు. కాలేజీ విచారణ వేసింది, అది నడుస్తోంది. నిజం చెప్పేస్తే మనసు తేలికపడుతుందంటారు. నాకేం తేలికపడలేదు, అలసటగా ఉంది. నిద్ర మాత్రం కొంచెం పడుతోంది.

పోయిన నెల ఆ పేపర్ మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి, దీన్ని వెనక్కి తీసుకున్నామని. ఫోన్‌లో చెప్పే మాట కాదు, ఆదివారం వెళ్లి ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. ఆ ఆదివారం పని పడింది. మరుసటి ఆదివారం బద్ధకించాను. దాన్ని ఏ మాటతో కప్పుకోవాలో తెలియడం లేదు.

మట్టి అయ్యి అందరూ తిరిగొచ్చాక వాళ్లింట్లో కాసేపు కూర్చున్నాను. క్యాలెండర్ పక్కన మేకుకు ఆమె సొంత బీపీ కార్డు వేలాడుతోంది. రోజూ పొద్దున తనే చూసుకుని రాసుకునేదట. చివరి వారం గడులు ఖాళీగా ఉన్నాయి.

"లేచి కూసునుడు గాలేదు సారూ" అంది కోడలు. "నాకు మిషన్ సూసుడు రాదు. అందాజగ రాయాల్నా అత్తమ్మా అని అడిగిన. వద్దని చెయ్యి ఊపింది."

"ఆ పేపర్ వాపస్ అయ్యిందమ్మా" అన్నాను.

ఏ పేపరో ఆమెకు తెలియదు. "మంచిది సారూ" అని, పక్కింటివాళ్లు తెచ్చిన టీ గ్లాసులో పోయడానికి లేచింది. ఫ్యాన్ గాలికి కార్డు గోడ మీద మెల్లగా ఊగుతోంది. తేదీలు నెలాఖరు దాకా ముందే వేసిపెట్టుకుంది, అన్నీ ఆమె చేతిరాతే. వాటి పక్కన గడులు తెల్లగా ఉన్నాయి.