రోడ్డు ఎత్తు

రోడ్ల సూపర్‌వైజరుకు ఒక అలవాటుంది. తను వేయించిన రోడ్డు కనబడితే చాలు, చెప్పు మడమతో ఠక్కున తన్ని, "రాయిలా ఉంది!" అని మురిసిపోతాడు. మెడలో తువ్వాలు, చొక్కామీద ఎన్ని ఉతుకులకూ వదలని తారు మరకలు. పాత రోడ్డు గీకించడానికి మాత్రం ఒళ్లు వంగదు. "దానిమీదే వేసేయండర్రా, ఎవడు చూడొచ్చాడు!" అంటాడు. అలా పొరమీద పొర పడి, వాళ్లక్క ఉండే వీధిలో రోడ్డు ఇళ్ల గడపల కంటే ఎత్తుకు లేచింది.

మొన్న వాన వెలిశాక అక్కను చూడబోయాడు. వీధి నీళ్లన్నీ ఆవిడ ముందుగదిలోనే ఉన్నాయి. చీర ఎగదోపుకుని బకెట్టుతో ఎత్తిపోస్తోంది. పక్కవాటాలో కొత్తగా అద్దెకు దిగినావిడ సాయం పడుతూ, "ఈ రోడ్డేసినవాడి చేతులు పడిపోను!" అని శాపనార్థాలు పెడుతోంది. గుమ్మంలో తమ్ముణ్ణి చూసి అక్క ఒక్క క్షణం ఆగింది. పక్కావిడ వైపు ఓరగా చూసింది. పుట్టినప్పటినుంచీ "ఒరేయ్" తప్ప మరో పిలుపెరగని మనిషి, "ఎవరు కావాలండీ?" అని అడిగింది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. "ఇల్లు పొరబడ్డానండీ" అని గొణిగి వెనుదిరిగాడు. రాయిలాంటి ఆ రోడ్డుమీద మడమ ఆననివ్వకుండా, మునివేళ్లమీద వీధి దాటాడు.